నీళ్ల మీద మోపిన నింద

మా అంగన్‌వాడీకి పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. ఏ పౌడరు తాగినవ్ మేడమ్, అని. ఏ పౌడరూ తాగలేదంటే నమ్మరు. చెప్పడం ఇష్టం లేక దాస్తున్నాననుకుంటారు. ఒకామె అయితే నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పనని పిల్లవాడి మీద ఒట్టు పెట్టుకుంది. రోజూ గుమ్మం దగ్గర నిలబడి అందరికీ మొదటి నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఒక్కసారి కూర్చుని రాస్తున్నాను. ఇది చదివితే బరువు తగ్గుతారని నేను అనడం లేదు. నేను ఎన్నేళ్లు పొరపాటు పడ్డానో, ఎందుకు పడ్డానో చెబుతున్నాను, అంతే.

నాకిప్పుడు నలభై ఏడేళ్లు. కట్టంగూర్‌లో ఉంటాం. మా ఆయనకు హైవే పక్కన లారీ టైర్ల పంక్చర్ షాపు ఉంది. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆమెకు నేను ఒక్కదాన్నే. నాయిన చనిపోయిన ఏడాదే ఆమెను చిట్యాల అవతల ఉన్న మా ఊరి నుంచి తెచ్చుకున్నాం.

నీళ్లు పట్టాయనుకున్న ఏళ్లు

మా అమ్మ సంగతి ముందు చెప్పాలి. ఆమె మెడ తిరగదు. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. నడుము వంగిపోయింది, మోకాళ్లు పూర్తిగా చాపడానికి రాదు. పీట మీద కూర్చుని, దాన్నే జరుపుకుంటూ వంటింట్లో తిరుగుతుంది. లేవాలంటే ఎవరో ఒకరు చంకల కింద చేతులు పెట్టి లేపాలి, లేపాక కర్ర పట్టుకుని బాత్‌రూమ్ దాకా పోతుంది. మా ఊరి బోరు నీళ్లలో ఎముకల్ని వంచే ఫ్లోరైడ్ ఉండేది. ఆ నీళ్లు తాగే పెరిగింది, ఆ నీళ్లు తాగే ముసలిదైంది. నల్లగొండ వాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ముప్పై నాలుగో ఏట నాకు మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు అందుకే ఎవరికీ వేరే అనుమానం రాలేదు. నీళ్లు నీకు గూడ పట్టినయి బిడ్డా, అంది అమ్మ. ఆ మాటతో మా ఇంట్లో నా రోగం పేరు ఖాయమైపోయింది. మా ఆయన ఆ వారమే ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు వేయించాడు. తాగడానికీ అవే, వండడానికీ అవే. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు మా నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చాయి. ఇక నొప్పి తగ్గుతుందని ఏడాది చూశాను. తగ్గకపోగా పెరిగింది. చిన్నప్పుడు తాగినవి ఊరికే పోతాయా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మందుల షాపులో నొప్పి గోళీలు కొనుక్కుని వేసుకున్నాను, నూనెలు రాసుకున్నాను, మోకాలికి పట్టీ కట్టుకున్నాను.

ఆ పదేళ్లలో నేను ఎంత లావయ్యానో నాకు తెలియదు అంటే అబద్ధం. జాకెట్లు తెలుసు, గాజులు తెలుసు, ఆటోలో నా పక్కన కూర్చునేవాళ్ల ముఖాలు తెలుసు. కానీ దానికీ మోకాళ్లకూ ముడి పెట్టలేదు. మా వైపు ఎవరైనా కుంటితే ఏ ఊరి నీళ్లు అని అడుగుతారు గానీ ఎన్ని కిలోలు అని అడగరు. పైగా నా ఉద్యోగమే తూకం వేయడం. నెల నెలా మా సెంటర్ పిల్లల్ని కాటాకు వేలాడదీసి తూస్తాను, గర్భిణుల్ని మెషీన్ మీద నిలబెడతాను, ఒక్కొక్కరి బరువూ చార్టు మీద గీస్తాను. పదమూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ మెషీన్ మీద నేను నిలబడలేదు.

తిండి సంగతి కూడా దాచను. పొద్దున అమ్మ చేతి అన్నం తిని బయలుదేరేదాన్ని. సెంటర్‌లో పిల్లల వంట రుచి చూడాలి, అది డ్యూటీ. గరిటెడు రుచి చూడటం మెల్లగా రెండు గరిటెలైంది. ఒంటిగంటకు అమ్మ పంపిన గిన్నె వచ్చేది, పైన పెరుగన్నం, అడుగున కూరన్నం. సాయంత్రం ఇంటికి పోగానే చాయ, దాంతో ఏదో ఒకటి. రాత్రి అందరితో పాటు మళ్లీ అన్నం. కంచంలో మెతుకులు అయిపోతున్నాయంటే మా అమ్మ పీట జరుపుకుంటూ వచ్చేస్తుంది. వద్దంటే వినదు. ఆమె వంగి, కిందినుంచి చెయ్యి చాపి వడ్డిస్తుంటే కాదనే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

సెంటర్‌లో నేల మీద కూర్చుని పిల్లలకు పాటలు చెప్పేదాన్ని. లేవాలంటే ఒక చెయ్యి కిటికీ ఊచకు, ఒక చెయ్యి మోకాలికి. నోట్లోంచి 'అమ్మా' అని మూలుగు దానంతటదే వచ్చేది. కొన్నాళ్లకు పిల్లలు కూడా లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి పెట్టి 'అమ్మా' అనడం మొదలుపెట్టారు. లేవడం అంటే అలాగే లేవాలనుకున్నారు పాపం. ఆయా సుగుణ, నేనూ చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వులో నాకు కొంచెం భయం కూడా వేసింది.

మొదటి వానాకాలం

భయం పెద్దదైంది ఒక వాన రోజున. మూడేళ్ల పిల్ల వాకిట్లో జారి పడి, మొహం నీళ్లలో పెట్టి ఏడుస్తోంది. నాకు నాలుగు గజాల దూరంలో. నేను నేల మీద కూర్చుని ఉన్నాను. లేవలేకపోయాను. కిటికీ ఊచ అందలేదు, మోకాలు మడత విడవలేదు. మోకాళ్ల మీద పాకి గడప దాకా వెళ్లేసరికి సుగుణ వంటగదిలోంచి ఉరికొచ్చి పిల్లను ఎత్తుకుంది. పిల్లకేమీ కాలేదు. సుగుణ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా ఎత్తలేదు. కానీ గడప దగ్గర నేనున్న తీరు నాకు తెలుసు. రోజూ ఇంట్లో చూసే తీరే అది. మా అమ్మలా నేనూ నేలకే అంటుకుపోతానని ఆ రోజు మొదటిసారి నిజంగా అనిపించింది.

నల్లగొండలో ఒక ఎముకల దవాఖానకు మా ఆయన బండి మీద తీసుకుపోయాడు. చీటీ తీసుకుని కూర్చున్నాం. ముందు ముప్పై మంది దాకా ఉన్నారు, సగానికి పైగా ఆడవాళ్లు, అందరివీ మోకాళ్లే. అక్కడ ఒకరినొకరు పేరు అడగరు, ఊరు అడుగుతారు. ఊరు చెప్పగానే, అయ్యో ఆ ఊరి బోర్లా, అని తల ఊపుతారు. నేనూ మా ఊరి పేరు చెప్పాను. ఒక ముసలామె తన సంచిలోంచి జామపండు తీసి సగం నాకు పెట్టింది. మన రాత గింతే బిడ్డా అంది. ఆ వేడిలో, ఆ డెట్టాల్ వాసనలో ఆ మాట నాకు చాలా ఊరటనిచ్చింది. నా తప్పేం లేదని ఇంతమంది సాక్ష్యం చెబుతున్నట్టుంది.

డాక్టరమ్మ దేవరకొండ వైపు పిల్ల, నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఎక్స్‌రే తీయించింది. ఏం అనుకుంటున్నారని నన్నే అడిగింది. నీళ్లు అన్నాను, అమ్మ సంగతి చెప్పాను. ఆమె అంతా విని, ఎక్స్‌రే మళ్లీ చూసి, నన్ను లేపి మూలనున్న మెషీన్ మీద నిలబెట్టింది. తొంభై ఒకటి.

"ఇది నీళ్లది కాదమ్మా. మీ బొక్కలు మంచిగున్నయి. వాటి మీద మోసే బరువే ఎక్కువైంది," అంది, ఎక్స్‌రేలో ఎముకల మీద వేలు పెట్టి.

రక్తపరీక్షలో షుగర్ కూడా తేలింది. ఇప్పుడే ఆపరేషన్ మాట వద్దంది. ముందు బరువు తగ్గాలి, ఒకేసారి కాదు, నెలకు కిలో చొప్పున, తగ్గింది మళ్లీ రాకుండా. ఇలాగే వదిలేస్తే ఇంకో అయిదారేళ్లలో నేల మీద కూర్చునే మాట మరచిపోవాల్సి వస్తుందని, ఆ తర్వాత నడక కూడా కష్టమవుతుందని మెత్తగానే చెప్పింది. నాకు చాలా కోపం వచ్చింది. నా రోగాన్ని ఆమె లాక్కున్నట్టు అనిపించింది. పదేళ్లుగా నేను అమ్మలాంటిదాన్ని, పాపం అనిపించుకునేదాన్ని. ఇప్పుడు ఒట్టి తిండిపోతునయ్యాను.

తిరిగి వస్తూ నార్కట్‌పల్లిలో మా ఆయన ఎప్పటిలాగే బండి ఆపి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. ఆయనకు అలవాటు, నాకూ అలవాటే. నాలుగు తిన్నాను. అప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన పొట్లం నలిపి జేబులో పెట్టుకుని బండి తీశాడు.

ఆ చలికాలం

అమ్మకు చెబితే నమ్మలేదు. ఎవరిదో దిష్టి తగిలిందంది. డాక్టరుకు మన నీళ్ల సంగతి ఏం తెలుసు అంది. బరువు బరువు అంటున్నరు, మా కాలంల లావున్న మనిషిని చూస్తే లక్ష్మి వచ్చిందనెటోళ్లు, అని ఆ రాత్రి ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

నాకు రోషం ఎక్కువ. మరుసటి రోజు నుంచి అన్నం పూర్తిగా మానేశాను. పొద్దున ఒక జొన్న రొట్టె, రాత్రి ఒకటి, మధ్యలో గ్లాసుడు పల్చటి సల్ల. మూడు వారాల్లో అయిదు కిలోలు పోయాయి. నాలుగో వారం సెంటర్‌లో పాట చెబుతూ కళ్లు తిరిగి గోడకు ఆనుకున్నాను. ఆ ఆదివారం మా ఆడబిడ్డ ఇంట్లో దావత్. ముందుగా మటన్, తర్వాత మటన్ పులుసుతో అన్నం, ఆపైన ఇంకొంచెం. నెల తిరక్కుండా ఆ అయిదూ వచ్చాయి, తోడుగా ఇంకో కిలోను తెచ్చుకున్నాయి. రోషంతో మొదలుపెట్టినవి ఎక్కువ రోజులు నిలవవని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దారి చూపింది సుగుణ. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, నాకంటే తెలివైనది. పిల్లల తూకాల రోజు పని అయిపోయాక, సామాను సర్దుతూ అంది.

"మేడమ్, పిల్లలు తక్కువున్నరంటే మనమేం జేస్తం? నెలకోసారి తూస్తం, గీత గీస్తం, తల్లిని పిలిచి అడుగుతం. మిమ్మల్ని అడిగెటోళ్లు ఎవరు?"

అలా అని ఊరుకోలేదు. పిల్లల చార్టు ఒకటి తీసి, వెనకవైపు ఖాళీలో గళ్లు గీసి, పైన నా పేరు రాసింది. నన్ను మెషీన్ మీద నిలబెట్టింది. ఆ తర్వాత ప్రతి నెలా తూకాల రోజు పిల్లలు, గర్భిణులు అందరూ పోయాక చివరి వంతు నాది. గీత పైకి పోతే నేను తల్లులను అడిగే మాటలే నన్ను అడిగేది. ఏం పెడుతున్నవ్ ఇంట్ల, ఎన్నిసార్లు పెడుతున్నవ్, నిజం చెప్పు. గొంతు కూడా నాదే పెట్టేది. నేను ఇన్నేళ్లు ఆ తల్లులతో ఎంత కటువుగా మాట్లాడానో అప్పుడు వినపడింది. పిల్లల గీత పైకి పోతే సంతోషం, నాది కిందికి పోతే సంతోషం. ఒక్కో నెల రెండూ జరగలేదు.

అన్నం మళ్లీ మొదలుపెట్టాను. కంచం మార్చాను. సెంటర్‌లో పిల్లలు తినే చిన్న స్టీలు పళ్లెం లాంటిది ఒకటి కొనుక్కున్నాను. ముందు కూర, పప్పు తినడం, తర్వాతే అన్నం. రుచి చూడటం ఒక్క చెంచాతో. ఇంటి నుంచి గిన్నె వద్దన్నాను, పిల్లలతో పాటు తినేదే మధ్యాహ్నం తిండి. చాయలో చక్కెర మానడం అన్నిటికంటే కష్టమైంది, దానికి మూడు నెలలు పట్టింది. మొదటి వారం ఆ చాయ తాగుతూ ఏడ్చాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నడక కూడా అంతే. మొదటి రోజు ఇంటి నుంచి మా షాపు దాకా పోయాను, రెండు వందల అడుగులు ఉంటాయేమో. మోకాళ్లు గుంజాయి. మా ఆయన ఒక పాత టైరు తెచ్చి గోడ పక్కన వేసి, దాని మీద గోనెసంచి పరిచాడు. కూర్చుని ఆయాసం తీర్చుకుని వెనక్కి వచ్చాను. పది రోజులు అంతే. తర్వాత షాపు దాటి ఇంకో కరెంటు స్తంభం. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతుంటే సర్వీసు రోడ్డు మీద చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. చాయ హోటల్ ముందు కూర్చున్న మగవాళ్లు మొదట్లో నవ్వారు. నెలా రెండు నెలలకు వాళ్లకూ అలవాటైపోయాను. ఎండాకాలం వచ్చేసరికి ఊరి చివరి దాకా పోయి వస్తున్నాను. గీత ఎనభై నాలుగు దగ్గర ఉంది.

ఆ ఎండాకాలం

ఇంట్లో మాత్రం ఏదీ సులువు కాలేదు. నేను రెండోసారి అన్నం వద్దంటే అమ్మ తనూ తినకుండా గిన్నె మూత పెట్టేసేది. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరి మీద ఒకరం పంతంతో ఆకలితో పడుకున్న రోజులున్నాయి. నా చేతి బువ్వ దానికి చేదైందని పక్కింటామెతో చెప్పుకుంది. నాకు తెలియకుండా పప్పులో నెయ్యి కలిపేది. మా ఆయన ఇద్దరి మధ్యా ఇరుక్కుని, షాపులోనే తిని వస్తున్నానని అబద్ధాలు చెప్పేవాడు.

ఏప్రిల్ మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం నా పళ్లెంలో చూడకుండానే ఆమె రెండు గరిటెలు వేసింది. నేను లేచి నిలబడ్డాను.

"నువ్వు పెట్టి పెట్టే నేనిట్ల అయిన," అన్నాను.

అమ్మ గరిటె గిన్నెలో పెట్టి, పీట జరుపుకుంటూ లోపలి గదిలోకి పోయింది. పీట బండల మీద రాసుకునే చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజు నుంచి ఆమె వంటింట్లోకి రాలేదు. నాతో మాట్లాడలేదు. పెట్టింది తింది, చాలంది, అటు తిరిగి పడుకుంది. వారం రోజుల తర్వాత తట్టుకోలేక నేనే పోయి, ఆకలైతాంది, ఏదన్నా చేసిపెట్టు అన్నాను. ఆమె మొహం వెలిగింది. ఆ తర్వాత రెండు నెలలు ఆమె ఏం పెడితే అది తిన్నాను. చేసిన పాపానికి తినడమే పరిహారం అనుకున్నాను. నడక కూడా మానేశాను, ఎండ సాకు దొరికింది.

జూన్‌లో సెంటర్ తెరిచాక సుగుణ నన్ను తూచి, గీత గీయకుండా పెన్సిల్ చేతిలో పట్టుకుని నిలబడింది. ఎనభై తొమ్మిది. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

రెండో వానాకాలం

మోకాలు మళ్లీ వాచింది. కిటికీ ఊచ మళ్లీ అవసరమైంది. డాక్టరమ్మ దగ్గరకు పోవాలంటే మొహం చెల్లలేదు, పోకపోతే కాలు చెల్లదు. అదే సమయంలో అమ్మకు మెడ నొప్పి ఎక్కువై నిద్ర పట్టడం లేదు. మా ఆయన ఆటో మాట్లాడి ఇద్దరినీ ఒకేసారి ఎక్కించాడు. అన్నం దగ్గర కలిశాం గానీ మనసులు ఇంకా కలవలేదు, దారంతా అమ్మా నేనూ చెరో పక్కకు చూస్తూ కూర్చున్నాం. ఆమె మెడ ఎటూ తిరగదు కాబట్టి అది ఆమెకు కష్టం కాలేదు.

నా బరువు చూసి డాక్టరమ్మ తిట్టలేదు. తొంభై ఒకటి కాదు కదా, ఎనభై తొమ్మిదే కదా అంది. తగ్గడం, పెరగడం, మళ్లీ తగ్గడం చాలామందికి అవుతుందని, మళ్లీ మొదలుపెట్టిన వాళ్లదే చివరికి నిలబడుతుందని చెప్పింది. తర్వాత అమ్మకు ఎక్స్‌రే తీయించింది. అది వచ్చాక, నా ఎక్స్‌రేతో కలిపి గోడకున్న లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టింది.

నాకు కూడా తేడా కనపడింది. అమ్మది తెల్లగా, మొద్దుగా, ఎముకకూ ఎముకకూ మధ్య సందు లేకుండా అతుక్కుపోయి ఉంది. నాది మామూలుగా ఉంది, మోకాలి కీలు దగ్గర మాత్రం అరిగి ఉంది.

అమ్మ కుర్చీలోనే ఒళ్లంతా తిప్పుకుని ఆ రెంటినీ చూసింది. నా బిడ్డది ఏది అని అడిగింది. డాక్టరమ్మ చూపించింది. నీళ్ల గుణం ఏం లేదా అని అడిగింది. ఏం లేదవ్వా, బొక్కలు మంచి గట్టిగున్నయి అంది డాక్టరమ్మ. అమ్మ ఆ రెంటినీ మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంది. బయట పేషెంట్లు ఉన్నారు, అయినా ఆ డాక్టరు పిల్ల తొందరపెట్టలేదు. దానికి ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

"ఇది చిన్నగున్నప్పుడు మా ఊరికి క్యాంపు డాక్టర్లు వచ్చిన్రు," అంది అమ్మ, నాతో కాదు, ఎక్స్‌రేతో చెబుతున్నట్టు. "మంచి నీళ్లు తాపియ్యిన్రి, పాలు, గుడ్లు, మంచి తిండి పెట్టిన్రి, పిల్లలకు గీ రోగం జర తక్కువ పడతది అన్నరు. మంచి నీళ్లు నేను యాడికెల్లి తెత్తు? తిండి నా చేతులున్నది, పెట్టిన. నా తీరు దీని బొక్కలు వంగొద్దని పెట్టిన. ఎప్పుడు ఆపాల్నో ఎవ్వరు చెప్పలే."

నేను గది బయటకు వచ్చి వరండాలో గోడకు ఆనుకుని ఏడ్చాను. ఎండాకాలంలో నేనన్న మాట ఆమె గుండెలో ఎక్కడ పోయి తగిలిందో అప్పుడు తెలిసింది. నలభై ఏళ్లు ఒకే పని మీద ఉన్న మనిషి ఆమె, ఆ పని అయిపోయిందని చెప్పేవాళ్లు లేక చేస్తూనే ఉంది. వరుసలో కూర్చున్న ఒకామె లేచి తన కుర్చీ నాకిచ్చింది. ఎవరు పోయిండ్రమ్మా అని మెల్లగా అడిగింది. ఎవరూ పోలేదన్నాను.

ఇప్పుడు

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిందని రాస్తే మా సుగుణ నవ్వుతుంది. అమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు నెయ్యి కలుపుతుంది, దొరికిపోతే, ఒక్క చుక్కే అంటుంది. కానీ నా పళ్లెంలో అన్నం పెట్టే పని తనే తీసుకుంది. ఒకే గరిటె. రెండో గరిటెకు నేను చెయ్యి చాపితే గిన్నె అవతలికి జరుపుతుంది. ఇంట్లో పూట పూటకూ ఒక కూరగాయ ఎక్కువ ఉడుకుతోంది, అది అందరం తింటున్నాం. మా ఆయన పొట్ట కూడా కొంచెం లోపలికి పోయింది, దానికి ఆయన ఏమీ చేయలేదు.

ఇప్పుడు నేను డెబ్బై నాలుగు కిలోలు. పెళ్లిళ్ల నెలల్లో డెబ్బై ఆరుకు పోతాను, తర్వాత రెండు నెలల్లో మళ్లీ వస్తాను. డెబ్బైకి దిగుతానో లేదో తెలియదు. షుగర్ గోళీ సగమైంది. మోకాలి నొప్పి పూర్తిగా పోలేదు, చలిలో గుంజుతుంది, ఎప్పటికైనా ఆపరేషన్ పడొచ్చు. నేను చేసేవి లెక్కబెడితే చాలా చిన్నవి. రోజూ ఒకే వేళకు నడక, చిన్న పళ్లెం, చక్కెర లేని చాయ, నెలకోసారి తూకం. ఒక రోజు తప్పితే మరుసటి రోజు మళ్లీ పట్టుకోవడం. దావత్‌కు పోతాను, మటన్ తింటాను, ఇంటికొచ్చి రోషం తెచ్చుకోను. పౌడరు అడిగే తల్లులకు చెప్పేదింతే. వాళ్లకది చప్పగా ఉంటుంది, నాకు తెలుసు. ఇంకొక మాట. మోకాళ్ల నొప్పి వస్తే ఊరి నీళ్లను తిట్టుకుంటూ పదేళ్లు కూర్చోకండి. నీళ్లదో కాదో ఒకసారి చూపించుకోండి. మా అమ్మది నీళ్లదే, నాది కాదు.

మొన్నొక సాయంత్రం అమ్మ పక్కన నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. పని అయ్యాక చాట పట్టుకుని లేచాను. అమ్మ ఒళ్లు తిప్పి నా వైపు చూసింది. నువ్విప్పుడు లేసేటప్పుడు ఆసరాకు ఏం పట్టుకోలే గదా, అని అడిగింది. లేదన్నాను. చాట కింద పెట్టి మళ్లీ కూర్చోమంది. కూర్చున్నాను. లేవమంది. లేచాను. మళ్లీ కూర్చోమంది. అలా నాలుగుసార్లు అయ్యాక నాకు నవ్వొచ్చింది. ఏందమ్మా, పరీక్ష పెడుతున్నవా అన్నాను.

"నేను ఆఖరుపారి గిట్ల ఎప్పుడు లేసిన్నో నాకు యాదికి లేదు," అంది. "ఇంకోపారి లెవ్వు, చూస్త."

నేను మళ్లీ కూర్చున్నాను. చేతులు కట్టుకుని, ఆమెకు బాగా కనపడేలా, మెల్లగా లేచాను.